షాట్‌గన్‌కు తూటా ఎంపిక: రంధ్రాలు లెక్కపెట్టేవాడి మాట

నా దగ్గర గళ్ల గీతల ఖాతా పుస్తకం ఒకటి ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇతరుల జమాఖర్చులు సరిచూసిన చెయ్యి కదా, ఇంట్లో కూడా ఖాతా తెరవకుండా ఉండలేకపోయాను. అయితే ఇందులో డబ్బు ఊసే లేదు. ఒక పుట తెరిస్తే ఇలా ఉంటుంది: "40 గజాలు, సగం చోక్, 28 గ్రాములు, ఏడున్నర నంబరు. 208, 197, 213, 201, 206. సగటు 205." చివరి అంకెలన్నీ కాగితానికి పడిన రంధ్రాలు. చోక్ అంటే గొట్టం మూతి దగ్గరి ఇరుకు, అది ఎంత బిగువైతే తూటాలోని గుండ్లు అంత దగ్గరదగ్గరగా పడతాయి. ఒక్కొక్కటీ పెన్సిలుతో చుక్క పెట్టి లెక్కపెట్టినవి.

ఈ పిచ్చి మొదలైంది నా మొదటి పెట్టెతో. తూటాలు కొనడానికి వెళ్లి "ఉన్నవాటిలో అన్నిటికన్నా బలమైనది ఇవ్వండి" అని అడిగాను. 36 గ్రాముల బరువు, 6వ నంబరు రవ్వలు ఉన్న పెట్టె ఇచ్చారు. రవ్వ అంటే తూటాలో ఉండే చిన్న గుండు, పెల్లెట్. గాలిలోకి విసిరిన మట్టి పళ్లేలను కాల్చే క్లే షూటింగ్ మైదానానికి గర్వంగా పట్టుకెళ్లాను. మా గురువుగారు పెట్టె అందుకుని వెనక్కి తిప్పి చదివి, "బాబూ, పళ్లెం పగలగొట్టడానికి వచ్చావా, గోడ కూల్చడానికి వచ్చావా?" అన్నారు. ఒక్కటి కూడా కాల్చనివ్వలేదు. "లెక్కలవాడివి కదా, ఇందులో రవ్వలెన్నో లెక్క కట్టు" అని కాగితం చేతికిచ్చారు.

కట్టాను. 6వ నంబరు సీసపు రవ్వలు ఔన్సుకు, అంటే 28.35 గ్రాములకు, సుమారు 225 తూగుతాయి. 36 గ్రాములకు 285 దాకా వస్తాయి. అదే ఏడున్నర నంబరైతే ఔన్సుకు 350. 28 గ్రాముల తూటాలోనే దాదాపు 345 ఉంటాయి. ఎనిమిది గ్రాములు ఎక్కువ మోసి, భుజం మీద ఎక్కువ దెబ్బ తిని, అరవై రవ్వలు తక్కువ పంపబోయానన్నమాట. అదీ పట్టుమని 11 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న మట్టి పళ్లెం మీదికి, పక్కకు తిరిగితే రెండున్నర సెంటీమీటర్ల మందం మాత్రమే కనబడే దాని మీదికి.

షాట్‌గన్ తూటా ఎంపికంతా ఒక పంపకం సమస్య. బరువు ఇంత అని ఉంటుంది. దాన్ని చాలా చిన్న రవ్వలుగా పంచాలా, కొన్ని పెద్ద రవ్వలుగా పంచాలా అన్నదే ప్రశ్న. ఆ పంపకం సరిగ్గా జరిగిందో లేదో పెట్టె చెప్పదు, కాగితం చెబుతుంది. అయితే కాగితం దాకా వెళ్లేముందు తుపాకీ ఏం మింగగలదో చూడాలి.

గొట్టం మీద రాసింది చదవండి

తుపాకీ గొట్టం మొదట్లో, తూటా కూర్చునే చాంబర్ దగ్గర, ఏ తూటా వాడాలో చెక్కి ఉంటుంది. 12-70 అనో, 12 పక్కన రెండు ముప్పావు అంగుళాలు అనో కనబడుతుంది. రెండూ ఒకటే. మొదటి అంకె బోరు. గొట్టం లోపలి కొలతకు సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌండు తూగితే అది 12 బోరు. ఇరవై కావలసివస్తే 20 బోరు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది: 12 బోరు సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 బోరు 15.6, 28 బోరు 14. 410 ఒక్కటే ఈ వరుసలోకి రాదు. అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన నేరుగా చెప్పిన గొట్టం కొలత.

రెండో అంకె చాంబర్ పొడవు. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. 70 మిల్లీమీటర్లు అన్నది కాల్చిన తరువాత, మూతి విచ్చుకున్న డొప్ప పొడవు. కాల్చని తూటా మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా కనబడుతుంది. నా సంచిలోని 70 తూటా ఒకటి కొలిస్తే సుమారు 58 మిల్లీమీటర్లు ఉంది. 76 మిల్లీమీటర్ల తూటా కూడా కాల్చకముందు 70 కన్నా పొట్టిగానే ఉంటుంది. అంటే అది 70 చాంబర్‌లోకి హాయిగా దూరుతుంది, తుపాకీ మూసుకుంటుంది, ఏమీ తేడా తెలియదు. పేలినప్పుడు విచ్చుకున్న మూతి చాంబర్ దాటి గొట్టం సన్నబడే చోటుకు చొచ్చుకుపోతుంది. దారి ఇరుకై లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. పట్టింది కదా అని వాడకూడదు. పొడవైన చాంబర్‌లో పొట్టి తూటా మాత్రం మామూలుగా వాడుకోవచ్చు.

దీనికన్నా ప్రమాదమైనది 12 బోరు తుపాకీలో 20 బోరు తూటా. కొత్తగా వచ్చినవారికి నేను ఇది చేసి చూపిస్తాను. తుపాకీ విడదీసి గొట్టం ఒక్కటే చేతిలోకి తీసుకుని, కాల్చేసిన 20 బోరు ఖాళీ డొప్పను అందులో జారవిడుస్తాను. అది సర్రున చాంబర్ దాటి వెళ్లి, గొట్టం సన్నబడే చోట అంచు తట్టుకుని ఆగిపోతుంది. వెనకనుంచి చూస్తే చాంబర్ ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. దాని వెనకే 12 బోరు డొప్ప కూడా పూర్తిగా కూర్చుంటుంది. అవి ఖాళీ డొప్పలు కాక నిజం తూటాలైతే ఏమయ్యేదో చెప్పనవసరం లేదు. గొట్టం పగిలేది సరిగ్గా ఎడమచెయ్యి పట్టుకునే చోటే. ఈ కారణంగానే 20 బోరు తూటాలకు పసుపు రంగు వేయడం ఆనవాయితీ అయింది. జేబులో ఒకే బోరు ఉండాలన్నది నా నియమం. ఇంటికి రాగానే జేబులు తిరగేసి దులుపుతాను.

తాతల నాటి తుపాకీ, ముఖ్యంగా గొట్టం మీద చుట్టలు చుట్టినట్టు చారలున్న డమాస్కస్ రకం మీ చేతికి వస్తే, దాన్ని తెలిసిన తుపాకీ మరమ్మతుదారు చూసేవరకు ఏ తూటా కొనకండి.

నంబర్ల గందరగోళం

రవ్వ నంబరు పెరిగితే రవ్వ చిన్నదవుతుంది. అమెరికా పద్ధతిలో ఒక చిట్కా ఉంది. 17 లోంచి నంబరు తీసేస్తే, అంగుళంలో వందో వంతుల్లో రవ్వ అడ్డుకొలత వస్తుంది. 9వ నంబరైతే 17 లో 9 పోను 8, అంటే 0.08 అంగుళం, దాదాపు 2 మిల్లీమీటర్లు. ఏడున్నర 2.4 మిల్లీమీటర్లు, 6వది 2.8, 4వది 3.3. ఔన్సుకు లెక్కేస్తే 9వ నంబరు 585, 8వది 410, 6వది 225, 4వది 135 రవ్వలు. ఈ నాలుగు అంకెలు నాకు ఎక్కాల్లాగా నోటికొచ్చు.

చిక్కేమిటంటే, ఈ నంబర్లు దేశానికొక తీరు. బ్రిటిష్ 6వ నంబరు 2.6 మిల్లీమీటర్లే. పెట్టె మీద మిల్లీమీటర్లు రాసి ఉంటే నంబరు వదిలేసి వాటినే చూడండి. ఇంకో చిక్కు: 4వ నంబరు రవ్వ వేరు, బక్‌షాట్ అనే పెద్ద గుండ్లలో 4వ నంబరు వేరు. మొదటిది 3.3 మిల్లీమీటర్లు, రెండోది 6.1. ఒకే అంకె చూసి తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి తీసుకున్నవాళ్లను చూశాను.

రవ్వ సైజుతో భద్రత కూడా ముడిపడి ఉంది. రవ్వలు గరిష్ఠంగా ఎంత దూరం పోతాయో అంచనా వేయడానికి జూర్నే సూత్రం అని పాత సూత్రం ఒకటి ఉంది. రవ్వ అడ్డుకొలతను అంగుళాల్లో తీసుకుని 2200 తో గుణిస్తే గజాలు వస్తాయి. 9వ నంబరు 176 గజాలు, ఏడున్నర 209, 6వది 242. డబుల్ జీరో బక్‌షాట్, అంటే 8.4 మిల్లీమీటర్ల గుండు, 726 గజాలు. చాలా క్లే మైదానాలు ఏడున్నర కన్నా పెద్ద రవ్వలను గేటు దగ్గరే ఆపేసేది అందుకే. ఆ రోజు గురువుగారు నా పెట్టె పక్కన పెట్టించడానికి రెండో కారణం ఇదే.

తూటా వెనక ఇత్తడి భాగం ఎంత ఎత్తుంటే అంత బలం అనే నమ్మకం ఇంకా చావలేదు. ప్లాస్టిక్ డొప్పలు వచ్చాక ఆ ఎత్తుకూ బలానికీ సంబంధం లేదు. కొన్ని పెట్టెల మీద "3 డ్రామ్" అని ఉంటుంది. అది లోపలున్న మందు బరువు కాదు. పాతకాలపు నల్ల తుపాకీ మందు అంత పోస్తే వచ్చే వేగానికి సమానమని అర్థం.

పళ్లేలకు

క్లే షూటింగ్‌కు తూటా ఎంచుకోవడం సులువే. స్కీట్‌లో పళ్లేలు ఇరవై మీటర్ల దరిదాపుల్లోనే అడ్డంగా దాటుతాయి. 9వ నంబరు, వదులు చోక్ చాలు. ట్రాప్‌లో పళ్లెం ముందుకు పారిపోతుంది. కాల్చేవాడు పళ్లేలు లేచే గోతికి 15 మీటర్ల వెనక ఉంటాడు కాబట్టి, పగిలే సమయానికి అది 30, 35 మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ ఏడున్నర నంబరు, ముప్పావు లేదా ఫుల్ చోక్. స్పోర్టింగ్‌లో దగ్గరివీ దూరానివీ కలిసి వస్తాయి. 8వ నంబరు పట్టుకుని రోజంతా గడిపేయవచ్చు. దూరానికి నాలుగు ఏడున్నరలు విడిగా జేబులో వేసుకుంటే సరి.

ఒలింపిక్ పద్ధతిలో పోటీపడే ఉద్దేశం ఉంటే మొదటినుంచీ 24 గ్రాములకే అలవాటు పడండి. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమం ప్రకారం రవ్వల బరువు 24.5 గ్రాములు దాటకూడదు, రవ్వ 2.6 మిల్లీమీటర్లు మించకూడదు. "అంత తక్కువతో పగులుతాయా?" అని నేనూ అడిగాను. నా పుస్తకంలో 32 నుంచి 28 కి, 28 నుంచి 24 కి దిగిన మూడేళ్లలోనూ స్కోరు పెరిగిందే తప్ప తగ్గలేదు. కారణం తూటా కాదు, భుజం.

భుజం సంగతి గురువుగారు బయటపెట్టిన తీరు చెబుతాను. నా చేతికి తుపాకీ ఇచ్చేముందు తానే తూటాలు వేసేవారు. నాకు చూపించేవారు కాదు. మధ్యలో ఎక్కడో ఒక ఉత్తుత్తి తూటా పెట్టారు. పళ్లెం లేచింది, ట్రిగ్గర్ నొక్కాను, టిక్కుమంది. పేలలేదు. కానీ గొట్టం మూతి జానెడు కిందికి వంగిపోయింది, నా కళ్లు మూసుకుపోయాయి. పేలుడు శబ్దంలో ఇన్నాళ్లూ దాగి ఉన్న వణుకది. బరువైన తూటాలు నాకు నేర్పింది అదొక్కటే. అది వదిలించుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. మీ తుపాకీ తేలికైనదైతే తూటా కూడా తేలికైనదే తీసుకోండి. ఒకే తూటాకు, తుపాకీ బరువు తగ్గేకొద్దీ తన్ను పెరుగుతుంది.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని సెమీ ఆటోమేటిక్ తుపాకులు 24 గ్రాముల తూటాతో తిరగవు. డొప్ప బయటికి పడక మధ్యలో ఇరుక్కుంటుంది. కనీసం ఎంత బరువు కావాలో ఆ తుపాకీ పుస్తకంలో రాసి ఉంటుంది. మధ్యలో మడిచి తెరిచే రెండు గొట్టాల తుపాకులకు ఈ బాధ లేదు.

మైదానంలో ప్లాస్టిక్ వాడ్ అనుమతిస్తారో లేదో కూడా అడగండి. వాడ్ అంటే మందుకూ రవ్వలకూ మధ్య ఉండే అడ్డు. ప్లాస్టిక్‌ది నేల మీదే ఏళ్ల తరబడి ఉండిపోతుంది కనుక చాలాచోట్ల నారతో చేసిన వాడ్ మాత్రమే రానిస్తారు.

కాగితం ముందు

ఇక నాకిష్టమైన పని. నాలుగడుగుల చదరపు కాగితం కావాలి. ఒక్క ముక్క దొరక్కపోతే రెండు అతికించండి. వెనక మట్టి కట్ట ఉన్న చోట, చెక్క చట్రానికి బిగించండి. ఇనుప పలక మీద మాత్రం వద్దు, స్టీల్ రవ్వలు తిరిగి ముఖం మీదికి వస్తాయి. కళ్లద్దాలు తప్పనిసరి. మధ్యలో ఒక నల్ల చుక్క పెట్టి, 40 గజాలు టేపుతో కొలిచి, నిలబడి, ఒక్కసారి కాల్చండి. ఒక కాగితానికి ఒక్క తూటానే.

ఇప్పుడు రంధ్రాలు ఎక్కడ దట్టంగా పడ్డాయో కంటితో చూసి, అక్కడ మేకు గుచ్చి, పదిహేను అంగుళాల దారానికి పెన్సిలు కట్టి వృత్తం గీయండి. అంటే అడ్డుకొలత 30 అంగుళాలు. నల్ల చుక్క చుట్టూ గీస్తే మీ గురి కొలిచినట్టు అవుతుంది, తూటాను కొలిచినట్టు కాదు. అయితే దట్టమైన చోటు ప్రతిసారీ చుక్కకు ఒకే పక్కకు పడుతుంటే అదీ రాసుకోండి. తుపాకీ మీ ఒంటికి కుదరలేదని దానర్థం, ఏ తూటా దాన్ని బాగుచేయదు.

వృత్తం లోపలి రంధ్రాలను లెక్కపెట్టి, తూటాలోని మొత్తం రవ్వలతో భాగించండి. పాత ప్రమాణం ప్రకారం 40 గజాల దగ్గర సిలిండర్ గొట్టం, అంటే చోక్ లేనిది, 40 శాతం, పావు చోక్ 50, సగం చోక్ 60, ఫుల్ చోక్ 70 శాతం లోపల వేయాలి. గొట్టం మీద "సగం" అని చెక్కినంత మాత్రాన మీ తూటాతో అది సగంలా ప్రవర్తిస్తుందని భరోసా లేదు. ఒక్క కాగితంతో తీర్పు చెప్పేయకండి. పైన నా లెక్క చూడండి, 197 నుంచి 213 దాకా ఊగింది. కనీసం ఐదు కాగితాలు, ఓపిక ఉంటే పది.

ఒకసారి రెండు వేరువేరు పెట్టెలు పోల్చాను. రెంటి మీదా ఒకటే రాసి ఉంది: 28 గ్రాములు, ఏడున్నర. మొదటిది సగటున 205 పెట్టింది. రెండోది 171, 188, 159, 180, 167, సగటు 173. అదే తుపాకీ, అదే మధ్యాహ్నం. సగం చోక్ కాస్తా పావు చోక్ అయి కూర్చుంది. తేడా ఎక్కడుందో చూద్దామని కట్ట ముందు మట్టిలో దొరికిన రవ్వలు ఏరి తెల్ల గుడ్డ మీద పోశాను. ఒక్కటీ గుండ్రంగా లేదు, కొన్ని చదునుగా అప్పచ్చుల్లా ఉన్నాయి. మట్టికి తగిలి నలిగిందెంతో, గొట్టంలోనే నలిగిందెంతో వాటిని చూసి చెప్పలేం. అందుకని రెండు రకాలవీ కాల్చని రవ్వలు సంపాదించి పట్టకారుతో నొక్కాను. రెండోవి వెన్నలా అణిగిపోయాయి.

సీసంలో ఆంటిమొనీ కొద్ది శాతం కలిపితే రవ్వ గట్టిపడుతుంది. ఖరీదు కూడా పెరుగుతుంది కాబట్టి చౌక తూటాల్లో అది తగ్గుతుంది. మందు అంటుకోగానే వెనకనుంచి వచ్చే తోపుకు మెత్తటి రవ్వలు ఒకదాన్నొకటి నలిపేసుకుంటాయి. నలిగిన రవ్వ గాలిలో నేరుగా పోదు, గుంపులోంచి విడిపోతుంది. రవ్వ గుండ్రంగా ఉండాలన్న తపన పాతదే. బ్రిస్టల్ నగరంలో విలియం వాట్స్ అనే సీసపు పనివాడు 1782 లో దీనికే పేటెంటు తీసుకున్నాడు. కరిగిన సీసాన్ని జల్లెడ గుండా ఎత్తునుంచి నీళ్లలోకి జారవిడిచాడు. చుక్క పడుతూ పడుతూ దానంతటదే గుండ్రబడుతుంది. ఆ గుండ్రదనాన్ని చివరి దాకా నిలబెట్టుకునే తూటానే మంచి తూటా.

శాతం ఒక్కటే చూస్తే సరిపోదు. అట్ట ముక్కను పళ్లెమంత, 11 సెంటీమీటర్ల బిళ్లగా కత్తిరించి వృత్తంలో అంగుళం అంగుళం జరుపుకుంటూ పోతాను. ఎక్కడైనా బిళ్ల కింద మూడు రంధ్రాల కన్నా తక్కువ ఉంటే ఆ చోట ఎర్ర పెన్సిలుతో గీస్తాను. ఒక కాగితంలో ఎర్ర గీతలు మధ్యలో గుంపుగా వస్తే ఆ తూటా నాకు పనికిరాదు, శాతం ఎంత ఉన్నా సరే. స్కీట్ తూటాను మాత్రం 40 గజాల్లో పరీక్షించకండి. మీరు ఎంత దూరంలో కాలుస్తారో అంత దూరంలోనే కాగితం పెట్టండి.

వేటకు

చట్టం అనుమతించిన చోట, అనుమతించిన కాలంలో, చేతిలో లైసెన్సుతో చేసే వేట గురించే ఈ మాటలు. పళ్లేనికి ఒక్క పెంకు రాలినా పాయింటే. ప్రాణికి అలా కాదు. రవ్వలు తగినన్ని తగలాలి, తగిలిన ప్రతి రవ్వకూ లోపలికి దిగే శక్తి ఉండాలి. రెండిట్లో ఏది తగ్గినా జంతువు గాయంతో పారిపోయి పొదల్లో చస్తుంది.

సీసం వాడదగిన చోట నా లెక్క ఇది. పూరేడు పిట్టలాంటి చిన్నవాటికి 8 లేదా ఏడున్నర. పావురానికి ఏడున్నర నుంచి 6. కుందేలుకు 6. ఫెజెంట్ పక్షికి 6 లేదా 5. ఎక్కువ దూరమనిపిస్తే బలమైన తూటా వెతక్కండి, తుపాకీ దించండి. పెట్టె మీద వేగం ఎక్కువ రాసి ఉందని దూరం పెరగదు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు కూడా పెరుగుతుంది. గొట్టం మూతి దగ్గరి అదనపు వేగంలో చాలా భాగం 40 గజాలు చేరేసరికి కరిగిపోతుంది, భుజానికి తగిలిన దెబ్బ మాత్రం మిగులుతుంది. నా హద్దు 35 గజాలు. వేటచోటికి చేరగానే అడుగులతో కొలిచి, ఆ దూరంలో ఒక చెట్టునో రాయినో గుర్తుపెట్టుకుంటాను. దాని అవతల ఎగిరిన పిట్ట నాది కాదు.

నీటి పక్షుల విషయంలో సీసం కథ చాలాచోట్ల ముగిసింది. బాతులు మేత అరగడానికి గులకరాళ్లు మింగుతాయి. మడుగు అడుగున పడి ఉన్న సీసపు రవ్వలనూ అలాగే మింగి విషం ఎక్కి చస్తాయి. అమెరికాలో 1991 నుంచి దేశమంతటా నీటి పక్షుల వేటకు సీసం నిషిద్ధం. డెన్మార్క్ 1996 లో పూర్తిగా మానేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2023 ఫిబ్రవరి 15 నుంచి చిత్తడి నేలల్లోనూ వాటికి 100 మీటర్ల లోపలా సీసపు రవ్వలు కాల్చకూడదు.

బదులుగా ఎక్కువమంది వాడేది స్టీల్. ఒకే సైజులో స్టీల్ రవ్వ సీసం కన్నా దాదాపు మూడో వంతు తేలిక, అందుకే త్వరగా నీరసిస్తుంది. రెండు నంబర్లు పెద్దది తీసుకోమనే సలహా అందరూ చెబుతారు. లెక్క కట్టి చూశాను, సబబుగానే ఉంది. 4వ నంబరు సీసం ఔన్సుకు 135, 2వ నంబరు స్టీల్ 125. అంటే రవ్వకు రవ్వ బరువు ఇంచుమించు సమానమవుతుంది. బాతులకు 2 లేదా 3 నంబరు స్టీల్ నడుస్తుంది. పెద్ద బాతులకు అంతకన్నా పెద్దదైన బీబీ రవ్వ. స్టీల్ నలగదు కాబట్టి వదులు చోక్‌లోనే దట్టంగా పడుతుంది. సగం కన్నా బిగువైన చోక్‌లోంచి పంపితే గొట్టం మూతి ఉబ్బే ప్రమాదం ఉంది. అధిక ఒత్తిడి స్టీల్ తూటాలకు యూరప్ తుపాకుల మీద లిల్లీ పువ్వు ముద్ర ఉండాలి. ఆ ముద్ర లేకపోతే మామూలు స్టీల్ తూటాలకే పరిమితం కండి.

పాత తుపాకీ ఉన్నవారికి బిస్మత్ మేలు. సీసం కన్నా కొంచెం తేలిక, స్టీల్ కన్నా బరువు, మెత్తన. టంగ్‌స్టన్ రవ్వలు సీసం కన్నా బరువైనవి కూడా దొరుకుతాయి. చిన్న రవ్వతోనే పని జరుగుతుంది కానీ ధర చూశాక నా చెయ్యి జేబులోకి పోలేదు.

పంది, జింకలాంటి పెద్ద జంతువులకు రవ్వలు కావు, ఒంటి గుండు, స్లగ్ కావాలి. నున్నటి గొట్టానికి బ్రెనెకే, ఫోస్టర్ రకాలు. తొడుగులో ఉండే సేబో రకం లోపల గాడులున్న గొట్టానికి మాత్రమే. చోక్ వదులుగా ఉండాలి. స్లగ్ తుపాకీకి తుపాకీకీ వేరే చోట పడుతుంది కనుక, 50 గజాల దగ్గర ఐదు కాల్చి ఎక్కడ పడుతుందో చూడనిదే అడవిలోకి వెళ్లకండి. వెనక ఏముందో తెలియనిదే అసలు కాల్చకండి.

కొన్న తరువాత

కాగితం మీద నచ్చిన తూటా దొరికితే అదే లాట్ నంబరువి, అంటే ఒకే విడతలో తయారైనవి, ఒకేసారి ఎక్కువ కొనండి. అదే పేరు, అదే పెట్టె, మరుసటి ఏడాది వేరే మందుతో రావచ్చు. నా ఖాతాలో చివరి గడి లాట్ నంబరుదే. పొడిగా, చల్లగా ఉండే చోట, తాళం వేసి, తుపాకీకి వేరుగా పెట్టండి. ఎండలో కారులో వదిలేయకండి. ఇత్తడి పచ్చబడినవి, డొప్ప ఉబ్బినవి, మూతి విచ్చుకున్నవి కాల్చకండి. వాటిని ఎవరికి అప్పగించాలో మైదానంలో చెబుతారు.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని సురక్షితమైన వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తరువాత తెరవండి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి. ఢామ్మనకుండా టుప్పుమని నీరసంగా మోగితే ఇంకా జాగ్రత్త. ఒకసారి నా పక్కన నిలబడిన అబ్బాయి తూటా అలాగే మోగింది. పళ్లెం పగల్లేదు, తుపాకీ తన్నలేదు. అతను మామూలుగానే తెరిచి రెండోది వేయబోయాడు. "ఆగు నాయనా" అని కేకేసి తుపాకీ తీసుకుని, ఖాళీ చేసి, గొట్టం ఆకాశం వైపు పెట్టి వెనకనుంచి చూశాను. వెలుతురు రాలేదు. వాడ్ సగం దారిలో ఇరుక్కుని ఉంది. సంచిలోంచి చెక్క కడ్డీ తీసి తోస్తే, వెంట్రుకలు కాలిన వాసనతో అది నేల మీద పడింది. దాన్ని అతను జేబులో వేసుకున్నాడు. మరుసటి వారం వచ్చినప్పుడు అతని సంచిలోనూ ఒక చెక్క కడ్డీ ఉంది.